చుక్క ఆరేలోపు

తరమణిలో జూన్ సాయంత్రం.
గాలిని పిండితే నీళ్ళొస్తాయి.
అభ్రకం బిళ్ళ మీద రెండు మైక్రోలీటర్ల చుక్క పెట్టి గంటైంది.
ఆరనంటోంది.
ఏసీ మధ్యాహ్నం నుంచీ దగ్గుతోంది.

అభ్రకం మాది.
అంటే, గూడూరుది.
డబ్బా మీద ఏ దేశం పేరున్నా
నేను మాదనే అనుకుంటాను.
మా అవ్వ మస్తానమ్మ సైదాపురం గని షెడ్డులో
ముప్పై రెండేళ్ళు రేకులు చీల్చింది.
"కత్తికి బలం అక్కర్లేదు మే,
అదెక్కడ ఇడిపోవాలనుకుంటదో
ఆడ పెట్టు, చాలు" అనేది.
నాకు కత్తి కూడా అక్కర్లేదు.
సెల్లోటేపు అంటించి లాగితే
ఒక పొర లేచొస్తుంది.
దాని కింద
పుట్టినప్పట్నుంచీ ఎవరూ తొక్కని నేల.

ఆ నేల మీదికి దిగాలి డీఎన్‌ఏ.
దిగదు.
దానిదీ రుణావేశమే, దీనిదీ రుణావేశమే.
ఇద్దరు అప్పులవాళ్ళు సందులో ఎదురుపడ్డట్టు
ముఖాలు తిప్పుకుంటాయి.
నడుమ మెగ్నీషియం నిలబడి
ఒక చెయ్యి అటు, ఒక చెయ్యి ఇటు పట్టుకుంటే
అప్పుడు కుదురుతుంది.
ఎక్కువ పోశామా, ముద్దకడుతుంది.
తక్కువైందా, కడిగినప్పుడు కొట్టుకుపోతుంది.
ఎంత పోయాలన్నది
నా నోట్‌బుక్కులో పదకొండుసార్లు కొట్టేసి ఉంది.

గాజుసామాను కడగడం ముగించి
చేతులు తుడుచుకుంటూ వచ్చింది గురవమ్మ.
మూడు తరాలుగా మద్రాసు.
ఇంట్లో తెలుగు, సంతకం అరవంలో,
తెలుగక్షరం ఒక్కటీ రాదు.
బస్సుకింకా టైముందంటే
రంగు కలిపి ఆరబెట్టిన నిన్నటి చుక్క
మైక్రోస్కోపులో చూపించాను.
నడుమంతా చీకటి,
అంచున పచ్చగా వెలిగే వలయం.

"ఏందమ్మా, అందరూ ఓరంగా పోయి నిలబడుండారు?"

చెప్పాను.
అంచు పల్చన, ముందు అదే ఆరుతుంది,
ఆ వెలితి పూడ్చడానికి నడిమి నీళ్ళు పరిగెత్తుతాయి,
పోతూ పోతూ
ఉన్నవాళ్ళందర్నీ ఈడ్చుకుపోతాయి.

కంటద్దం నుంచి తల తియ్యకుండానే నవ్వింది.
"మమ్మల్నీ అట్నే గదా.
కూవం పక్కనించి లేపి పెరుంబాక్కంలో పడేసినారు.
నీళ్ళు గాదులే,
కార్పొరేషను లారీ."

కాసేపాగి,
"మళ్ళా తడిపితే లేస్తారా వీళ్ళు?"

కొందరు లేస్తారు.
అంటుకున్నవాళ్ళు లేవరు.

ఆ మాట అన్నాక
నేను చేతి తొడుగులు మార్చుకున్నాను,
అవసరం లేకపోయినా.
ఆమె సంచీ తీసుకుని ఏడున్నర బస్సుకి వెళ్ళిపోయింది.

తొమ్మిదికి ఏసీ దారికొచ్చింది.
చుక్క వెనక్కి జరగడం మొదలైంది.
ఒక కొస నేలని పట్టుకున్న పోగుని
వెనక్కి పోతున్న నీటి అంచు
తడి జుట్టుని దువ్వెన లాగినట్టు లాగుతుంది.
చిక్కులన్నీ విడిపోయి
పోగు తిన్నగా పడుకుంటుంది.
నీళ్ళు మాత్రం ఉండవు అప్పటికి.

పదకొండున్నరకి సూది దించాను.
చూపులేని మనిషి గోడ తడుముకున్నట్టు
వరసగా తడుముతూ పోతుంది అది.
తెర మీద బెల్లం రంగు నేల,
ఉప్పు గుట్టలు,
వాటి మధ్య పదహారు మైక్రాన్ల పోగులు,
పైనుంచి కిందికి నింపాదిగా తేలాయి.
ఒక్కోదాంట్లో
నలభై ఎనిమిది వేల ఐదువందల రెండక్షరాలు.
సూదికి గీత తెలుస్తుంది.
ఎత్తు తెలుస్తుంది, వంపు తెలుస్తుంది.
అక్షరం ఒక్కటీ రాదు.

వెనక రాక్‌లో
గురవమ్మ బోర్లించిన బీకర్లు ఆరాయి.
బోరునీళ్ళతో కడిగినట్టుంది,
గాజు నిండా తెల్లటి సున్నాలు.
రేపు చెప్పాలి.
చెప్పనేమో.

సెంగొట్టువేల్ సారుకి పొద్దున లెక్క కావాలి,
ఎన్ని తిన్నగా సాగాయో, ఎటువైపో.
నలభై ఒకటి లెక్కపెట్టాను.
నలభై రెండోది
అంచుకి పోలేదు,
సాగలేదు.
నట్టనడుమ, అవ్వ కొప్పులా చుట్టుకుని
పడుకుని ఉంది.
దాన్ని ఏ గడిలో వెయ్యాలో
పట్టికలో లేదు.